సంకేతపటం – పాఠశుద్ధి: మెయిన్‌ఫ్రేమ్ సోర్సు ఫైళ్ల నుంచి తెలుగు పాఠాల మార్పిడి వరకు ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరులోని సోర్సు ఫైలును బల్లమీది కంప్యూటరులో దిద్దేటప్పుడు రెండు సంకేత వ్యవస్థల నడుమ ఒక మ్యాపింగు పట్టిక పనిచేస్తుంది. ఏ సంఖ్య ఏ అక్షరానికి గుర్తో ఆ పట్టికే నిర్ణయిస్తుంది. దీన్ని సాంకేతిక సిబ్బంది చూసుకోవలసిన చిన్న అమరికగా భావించడం వాడుక. నిజానికి ఇది పాఠనిర్ణయమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మెయిన్‌ఫ్రేమ్ ఫైళ్లలో తలెత్తే దోషాల స్వభావాన్ని వివరించి, పాత డీటీపీ ఫాంట్లలోని తెలుగు పాఠాలను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు కలిగే దోషాలతో వాటిని పోల్చుతుంది. సిద్దిపేట జిల్లాలోని ‘ములుగు’ అనే ఊరి పేరును ఉదాహరణగా తీసుకుని, మార్పిడి సాధనాలను ఏ ప్రమాణాలతో అంచనా వేయాలో సూచిస్తుంది.

కీలకపదాలు: సంకేతీకరణ, మ్యాపింగు పట్టిక, మెయిన్‌ఫ్రేమ్, ఇస్కీ, యూనికోడ్, పాఠపరిష్కరణ, ములుగు.

1. ఉపోద్ఘాతం:

తెలుగు పాఠం తాటాకు నుంచి కాగితానికి, కాగితం నుంచి అచ్చుకు, అచ్చు నుంచి కంప్యూటరుకు ప్రయాణించింది. ప్రతి మజిలీలోనూ ఒక లేఖకుడున్నాడు. లేఖకుడున్నచోట పాఠభేదమూ ఉంది. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను తన ఖర్చుతో నియమించి, ఒకే కావ్యానికి పలు ప్రతులు సేకరించి, వాటిని సరిపోల్చి శుద్ధప్రతులు రాయించడం తెలుగు పాఠపరిష్కరణ చరిత్రలో ప్రసిద్ధమైన విషయం. తాటాకు లేఖకుడు ఎక్కడ పొరబడతాడో పరిష్కర్తలకు తెలుసు. ఒకే తీరుగా కనిపించే అక్షరాల దగ్గర తడబడతాడు, ఒకే పదంతో మొదలయ్యే రెండు పంక్తుల నడుమ భాగాన్ని దాటేస్తాడు, అర్థంకాని పదానికి బదులు తెలిసిన పదం రాస్తాడు.

కంప్యూటరులో ఆ లేఖకుడి స్థానం మ్యాపింగు పట్టికది. ఇది అలసిపోదు, పంక్తులు దాటవేయదు. అయితే ఒకసారి పొరబడితే అదే పొరపాటును ప్రతి పుటలోనూ ఒకే తీరుగా చేస్తుంది, ఎక్కడ పొరబడిందో చెప్పదు. కనుక ఈ లేఖకుణ్ణి కూడా పరిష్కర్త దృష్టితో పరీక్షించవలసి ఉంది. ఆ పరీక్షకు మెయిన్‌ఫ్రేమ్ రంగం మంచి ఆధారం. 1990ల చివరి సంవత్సరాలలో హైదరాబాదు అమీర్‌పేట శిక్షణ సంస్థలలో కోబాల్, జేసీఎల్ నేర్చుకుని ఉద్యోగాలలో చేరిన తెలుగువారికి ఈ రంగం కొత్తది కాదు. అక్కడ వారు ఎదుర్కొన్న చిక్కుకూ తెలుగు పాఠాల మార్పిడిలోని చిక్కుకూ మూలం ఒకటే.

2. రెండు పట్టికల నడుమ సోర్సు ఫైలు:

కంప్యూటరు అక్షరాలను దాచదు, సంఖ్యలను దాచుతుంది. ఏ సంఖ్య ఏ అక్షరమో చెప్పే జాబితాను కోడ్‌పేజీ అంటారు. 1964లో ఐబీఎం సంస్థ సిస్టమ్/360 యంత్రాలను ప్రకటించినప్పుడు వాటిలో ఎబ్సిడిక్ అనే సంకేత వ్యవస్థను స్వీకరించింది. బల్లమీది కంప్యూటర్లు ఆస్కీని, దాని విస్తృతరూపాలను అనుసరించాయి. రోమను లిపిలో మొదటి పెద్దక్షరం ఆస్కీలో 65, ఎబ్సిడిక్‌లో 193. ఆస్కీలో ఇరవై ఆరు అక్షరాలూ వరుసగా ఉంటాయి. ఎబ్సిడిక్‌లో అవి మూడు గుంపులుగా విడిపోయి, గుంపుల నడుమ ఖాళీలుంటాయి. చిల్లుల కార్డులపై సంకేతాలను అమర్చిన పాత పద్ధతి నుంచి ఈ విభజన వచ్చింది.

అక్షరాలు, అంకెల విషయంలో ఎబ్సిడిక్ కోడ్‌పేజీలన్నీ సాధారణంగా ఏకీభవిస్తాయి. తేడా గుర్తుల దగ్గర వస్తుంది. అమెరికా, కెనడాలలో వాడే 037వ కోడ్‌పేజీలో చదరపు బ్రాకెట్లకు 186, 187 సంఖ్యలు కేటాయించారు. సీ భాషా కంపైలరు వాడే 1047వ కోడ్‌పేజీలో అవే బ్రాకెట్లు 173, 189 స్థానాలలో ఉన్నాయి. 037లో 95వ స్థానంలో ‘కాదు’ అనే తర్కచిహ్నం ఉంటే, 1047లో అక్కడ టోపీగుర్తు ఉంది. ఆ రెండు గుర్తులు రెండు పట్టికలలో పరస్పరం స్థానాలు మార్చుకున్నాయి.

ప్రోగ్రామరు 1047లో ఉన్న ఫైలును 037 పట్టిక అమర్చిన ఎడిటరులో తెరిచాడనుకుందాం. బ్రాకెట్లున్న చోట వింత గుర్తులు కనిపిస్తాయి. అతడు ఏమీ మార్చకుండా భద్రపరిస్తే ఫైలుకు ఏ హానీ జరగదు. ఏ పట్టికతో చదివారో అదే పట్టికతో తిరిగి రాసినందున సంఖ్యలన్నీ యథాతథంగా ఉంటాయి. అదే ఫైలులో అతడొక కొత్త పంక్తి చేర్చి అందులో బ్రాకెట్టు వేస్తే మాత్రం ఎడిటరు దాన్ని 186గా రాస్తుంది. కంపైలరుకు 186 బ్రాకెట్టు కాదు. వింతగా కనిపించిన పాత పంక్తులు సరైనవే, చక్కగా కనిపించిన కొత్త పంక్తి తప్పు. మానవుడి చేయి పడిన చోటే పాఠం చెడింది.

పాఠపరిష్కర్తలకు ఇది పరిచితమైన సూత్రం. అర్థంకాని పదాన్ని ఉన్నదున్నట్లు దించిన లేఖకుడు పాఠాన్ని కాపాడతాడు. అర్థమైందనుకుని సవరించినవాడే పాఠాన్ని చెడగొడతాడు. కంటికి నునుపుగా కనిపించే పాఠం కంటె కఠినంగా కనిపించే పాఠానికే పరిష్కర్త ఎక్కువ విలువనివ్వడానికి కారణం అదే. సంకేతాల లోకంలోనూ ఈ సూత్రం నిలుస్తున్నదంటే అది తాటాకులకు మాత్రమే చెందిన అనుభవం కాదని, ప్రతులు తీసే ప్రతి వ్యవస్థకూ వర్తించే నియమమని గుర్తించాలి.

3. తిరుగు ప్రయాణం అనే పరీక్ష:

మ్యాపింగు పట్టికలు రెండు రకాలు. మొదటి రకంలో ఒక్కొక్క సంఖ్యకు ఎదురుగా ఒకే ఒక సంఖ్య ఉంటుంది. అలాంటి పట్టికతో వెళ్లిన పాఠం తిరిగి రాగలదు. రెండవ రకంలో గమ్యస్థానంలో చోటులేని అక్షరాలన్నిటికీ ఒకే బదులుగుర్తు పెడతారు. ఎబ్సిడిక్‌లో ఆ గుర్తు సంఖ్య 63. పది వేర్వేరు అక్షరాలు 63గా మారిన తరవాత ఏది ఏదో చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. మొదటి రకం పట్టికను తప్పుగా ఎంచుకుంటే కలిగే దోషాన్ని సరిదిద్దవచ్చు. రెండవ రకం కలిగించేది నష్టం. ఈ భేదాన్ని పాటించకపోవడం వల్లనే ‘ఫాంటు సమస్య’ అనే ఒక్క మాట కింద భిన్నమైన వ్యాధులను కలిపేయడం జరుగుతోంది.

కోబాల్ సోర్సు ఫైలులో ఒక వ్యాఖ్యను తెలుగులో రాసినప్పుడు ఈ నష్టం స్పష్టంగా కనిపిస్తుంది. బల్లమీది కంప్యూటరులో ఆ వ్యాఖ్య యూనికోడ్‌లో ఉంటుంది. దాన్ని 1047లోకి మార్చగానే ప్రతి తెలుగు సంకేతమూ బదులుగుర్తుగా మారుతుంది. వ్యాఖ్యను కంపైలరు పట్టించుకోదు కనుక ప్రోగ్రాము నడుస్తుంది, తప్పు జరిగినట్లు ఎవరికీ తెలియదు. మరుసటి తరం ప్రోగ్రామరుకు దక్కవలసిన వివరణ మాత్రం అక్కడితో అంతమవుతుంది.

మరొక చిక్కు కొలతలది. కోబాల్ సోర్సు పంక్తి సంప్రదాయికంగా 80 స్థానాల కార్డు. మొదటి ఆరు స్థానాలు క్రమసంఖ్యకు, ఏడవది సూచికకు, 8 నుంచి 72 వరకు ప్రోగ్రాముకు కేటాయించినవి. పంక్తి ఎక్కడ ముగుస్తుందో ఆ స్థిరమైన పొడవే చెబుతుంది. బల్లమీది కంప్యూటరులో పంక్తి ముగింపుకు విడిగా ఒక సంకేతం ఉంటుంది. ఒకచోట కొలతగా ఉన్నది మరొకచోట గుర్తుగా మారుతుంది. అక్షరానికి ఒక స్థానం అనే ఈ నియమం తెలుగుకు వర్తించదు. ఇది తరవాతి ఉదాహరణలో తేటపడుతుంది.

4. తెలుగుకు మూడు సంకేత మార్గాలు:

కంప్యూటరులో తెలుగు మూడు మార్గాలలో నడిచింది. మొదటిది ఇస్కీ. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194గా దీన్ని ప్రకటించింది. బ్రాహ్మీ నుంచి పుట్టిన లిపులన్నిటికీ ఇందులో ఒకే పట్టిక. 179 అనే సంఖ్య తెలుగులోనూ దేవనాగరిలోనూ కకారమే, 232 హలంత చిహ్నమే. లిపి ఏదో చెప్పే సూచన విడిగా ఉంటుంది. అక్షరాన్ని ధ్వనిగా చూసిన వ్యవస్థ ఇది. భారతీయ వర్ణమాల ఐక్యతను గుర్తించడం దీని గుణం, లిపి సూచన జారిపోతే పాఠం ఏ భాషదో తెలియకపోవడం దీని దోషం.

రెండవది డీటీపీ ఫాంట్ల మార్గం. అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో తెలుగు ముద్రణారంగం దశాబ్దాలుగా పనిచేసింది. ఈ మార్గంలో రోమను అక్షరాల స్థానాలలో తెలుగు ఆకృతులను కూర్చారు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు విడివిడి ముక్కలయ్యాయి. ఇది అక్షరాన్ని చిత్రంగా చూసిన వ్యవస్థ. యంత్రం దృష్టిలో ఆ ఫైలు తెలుగు కాదు, అర్థంలేని రోమను అక్షరాల వరుస. ఏ సంఖ్య ఏ ముక్కో చెప్పే జ్ఞానమంతా ఫాంటులోనే ఉంది. పుస్తకం అచ్చుకు పంపడమే లక్ష్యమైనంత కాలం ఇది లోపంగా కనిపించలేదు. ఆ ఫైళ్లే మూలప్రతులుగా మిగిలిన ఈనాడు ఫాంటు పోవడమంటే ప్రతి పోవడమే.

మూడవది యూనికోడ్. ఇందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు స్థానాలు కేటాయించారు. అక్షరాల అమరికకు ఇస్కీ 1988 నాటి పట్టిక ఆధారం. కనుక అక్షరాన్ని ధ్వనిగా చూసే దృష్టి ఇక్కడా కొనసాగింది. ప్రతి లిపికి ప్రత్యేక స్థానాలు ఉన్నందున లిపి సూచన అవసరం తీరింది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు ఈ మార్గాన్ని సామాన్య పాఠకుడికి అందుబాటులోకి తెచ్చాయి.

5. ‘ములుగు’ అనే పేరు:

సిద్దిపేట జిల్లాలోని ములుగు మండలకేంద్రం. శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల ఉన్న ఊరు. ఈ పేరు చూడడానికి మూడక్షరాలు. యూనికోడ్‌లో ఇది ఆరు సంకేతాలు: 3118, 3137, 3122, 3137, 3095, 3137. మూడు హల్లుల తరవాత మూడుసార్లు ఒకే కొమ్ము. నిల్వచేసేటప్పుడు సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు కావాలి కనుక ఈ పేరుకు పద్దెనిమిది బైట్లు. అదే పేరు ఇస్కీలో ఆరు బైట్లు.

అక్షరానికి ఒక స్థానం అనే పాత లెక్కతో ఊరి పేరుకు 20 బైట్లు కేటాయించిన రికార్డులో ‘ములుగు’ ఇముడుతుంది. ‘సిద్దిపేట’ ఇమడదు. దానికి తొమ్మిది సంకేతాలు, 27 బైట్లు కావాలి. ఇరవై దగ్గర కోస్తే ‘సిద్ది’ మిగిలి, తరవాతి అక్షరపు మొదటి రెండు బైట్లు అనాథలుగా ఉండిపోతాయి. ఆ శకలం ఏ పట్టికలోనూ అక్షరం కాదు.

డీటీపీ ఫాంట్లలో ఈ పేరు పరిస్థితి వేరు. మకారపు ఆకృతిలోనే కొమ్మును పోలిన తోక ఉంది. ‘వు’, ‘మ’ల నడుమ పిల్లలు తడబడేది అందుకే. ఆకృతి ముక్కలతో కూర్చిన చోట ఒకే రూపాన్ని రెండు విధాలుగా కూర్చడానికి వీలుంటుంది. అచ్చులో రెండూ ఒకటే, సంఖ్యలలో వేర్వేరు. మార్పిడి సాధనం ఆ రెండు కూర్పులనూ ముందే ఊహించకపోతే ఒకటి ‘ము’ అవుతుంది, మరొకటి మరేదో అవుతుంది. ఇక మార్చకుండా వదిలిన కరపత్రంలోనైతే ‘ములుగు’ అని వెతికే రైతుకు ఆ ఊరి పేరే దొరకదు.

దీనికి విలోమమైన సమస్య కూడా ఈ పేరులోనే ఉంది. 2019లో ములుగు పేరుతో ఒక జిల్లా ఏర్పడింది. దాని కేంద్రమైన ములుగు వేరు, సిద్దిపేట జిల్లాలోని ములుగు వేరు. రెండిటికీ ఆరు సంకేతాలూ అవే. మ్యాపింగు ఎంత శుద్ధమైనదైనా అక్షరాల ఐక్యతను మాత్రమే కాపాడుతుంది, అర్థాన్ని నిర్ణయించలేదు. సంకేతాలు సరిపోయినంత మాత్రాన రెండు రికార్డులు ఒకే ఊరివని తీర్మానించడం, సంకేతాలు వేరైనంత మాత్రాన వేర్వేరు ఊళ్లవని తీర్మానించడం రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

6. మార్పిడి సాధనాల విమర్శ:

పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు తెలుగుకు చేసిన మేలు గొప్పది. ఒక కాలంలో పత్రికల వెబ్‌సైట్లు తమ తమ ఫాంట్లలో ఉన్నప్పుడు పద్మ వంటి ఉపకరణాలు వాటిని యూనికోడ్‌లో చదివే వీలు కల్పించాయి. ఆ కృషిని గౌరవిస్తూనే అవి తీసుకునే నిర్ణయాలను పరిశీలించాలి.

మొదటిది క్రమం. ‘స్త్రీ’ అనే పదంలో కంటికి కనిపించే క్రమం గుడిదీర్ఘంతో కూడిన సకారం, దాని కింద తకార రకారాల వత్తులు. యూనికోడ్ క్రమంలో సకార తకార రకారాలు హలంత చిహ్నాలతో వరుసగా వచ్చి, గుడిదీర్ఘం చివర నిలుస్తుంది. సాధనం ముక్కలను మార్చితే చాలదు, వాటిని తిరిగి పేర్చాలి. సంయుక్తాక్షరాలలో కనిపించే దోషాలలో అధికభాగం ఇక్కడ పుట్టినవే.

రెండవది వలపలగిలక. పాత ముద్రణలలో ‘ధర్మము’ వంటి పదాలలోని రేఫను తరవాతి అక్షరం పక్కన తెలుగు తొమ్మిదిని పోలిన గుర్తుతో చూపేవారు. దానికి యూనికోడ్‌లో విడి సంకేతం లేదు. ఆకృతిని నమ్మి తొమ్మిది అంకె వేస్తే కంటికి పాత పుస్తకంలా కనిపిస్తుంది, పదం నడుమ మాత్రం అంకె చేరుతుంది. ధ్వనిని నమ్మి రేఫగా మార్చితే పదం శుద్ధమవుతుంది, ముద్రణ సంప్రదాయం ఆనవాలు పోతుంది. రెండింటిలో ఏది మేలన్నది సాఫ్ట్‌వేరు ప్రశ్న కాదు, పరిష్కర్త ప్రశ్న. నిఘంటువుకైతే రెండవది, ముద్రణ చరిత్రకైతే మూలచిత్రంతో కూడిన వివరణ అవసరం.

మూడవది నకారపొల్లు. పాత రాతప్రతులలోనూ ముద్రణలలోనూ కనిపించే ఈ ప్రత్యేకరూపానికి యూనికోడ్‌లో 2021 వరకు స్థానం లేదు. ఆ సంవత్సరం వెలువడిన 14వ సంచికలో 3165వ స్థానం దక్కింది. దంత్య చ, జలకు 2008లో స్థానాలు లభించాయి. అంతకు పూర్వం మార్చిన పాఠాలలో ఇవి సాధారణరూపాలుగా మారిపోవడం అనివార్యం. ఇది మెయిన్‌ఫ్రేమ్‌లోని బదులుగుర్తు వంటిదే. తేడా ఒకటే: బదులుగుర్తు వింతగా కనిపించి తన ఉనికిని చాటుకుంటుంది. సాధారణ నకారం సహజంగా కనిపించి జరిగిన నష్టాన్ని దాచుతుంది.

నాలుగవది కనిపించని సంకేతం. ‘సాఫ్ట్‌వేర్’ వంటి పదాలలో వకారం వత్తుగా మారకుండా 8204 అనే సంకేతాన్ని చొప్పిస్తారు. దానికి రూపం లేదు. అది ఉన్న పదాన్ని లేని పదంతో వెతికితే యంత్రం రెండూ ఒకటి కావని చెప్పవచ్చు. ఈ సంకేతం శక్తిని ప్రపంచం 2018 ఫిబ్రవరిలో చూసింది. జకారం, హలంతం, ఞకారం, ఈ కనిపించని సంకేతం, దీర్ఘం అనే వరుస ఐఫోన్లలో తెరమీదికి రాగానే అప్లికేషన్లు కూలిపోయాయి. అదే నెలలో వచ్చిన 11.2.6 సంచికతో దోషం తొలగింది. అది మ్యాపింగు దోషం కాదు, అక్షరాన్ని చూపడంలోని దోషం. అయినా కనిపించనిది లేనట్లేనని భావించరాదన్న పాఠం రెండిటికీ సమానం.

7. ఒక పూర్వపక్షం:

యూనికోడ్ రాకతో ఈ చర్చ ముగిసిందని, పాఠకుడికి అర్థమైతే చాలునని ఒక వాదం ఉంది. అర్థమైతే చాలునన్నది నిత్యవ్యవహారానికి అంగీకరించదగినదే. ఉత్తరం చదివేవాడికి నకారపొల్లు అక్కరలేదు. పరిశోధనకు ఆ వాదం చాలదు. పదసూచికలు, ప్రయోగ చరిత్ర, ఛందో గణన యంత్రంతో చేసే నేటి కాలంలో యంత్రానికి అందిన సంకేతాలే పాఠం. సాధనం శకటరేఫను సాధురేఫగా మార్చితే, ఆ కవి శకటరేఫ వాడలేదన్న తప్పుడు నిర్ణయానికి పరిశోధకుడు చేరతాడు. పైగా యూనికోడ్ ముగిసిన గ్రంథం కాదు. 2008, 2014, 2021 సంచికలలో తెలుగుకు కొత్త సంకేతాలు చేరాయి. మూలఫైలును పారేసినవారికి ఆ చేర్పుల వల్ల ఏ ప్రయోజనమూ ఉండదు.

8. ముగింపు:

• మ్యాపింగు పట్టిక ఎంపిక పాఠనిర్ణయమే. తాటాకు లేఖకుడికి వర్తించే విమర్శ దానికీ వర్తిస్తుంది.
• దోషాన్నీ నష్టాన్నీ వేరుచేసి చూడాలి. తిరుగు ప్రయాణంలో మొదటి సంఖ్యలు యథాతథంగా వస్తున్నాయా అన్నదే పరీక్ష. మెయిన్‌ఫ్రేమ్ ఫైలులో బ్రాకెట్లు, తర్కచిహ్నాలు ఉన్న ఒక పంక్తితో, తెలుగు ఫైలులో శకటరేఫ, అరసున్న, వలపలగిలక, నకారపొల్లు ఉన్న ఒక పుటతో పని మొదలుపెట్టకముందే ఈ పరీక్ష జరపాలి.
• కంటికి సరిగా కనిపించడం శుద్ధికి ప్రమాణం కాదు. తప్పుడు పట్టికతో తెరిచిన ఫైలులో చక్కగా కనిపించే కొత్త పంక్తే చెడిన పంక్తి కావచ్చు.
• మార్చిన పాఠంతోపాటు మూలఫైలునూ దాని ఫాంటునూ భద్రపరచాలి.
• పాత లేఖకులు ప్రతి చివర తమ పేరు, రాత ముగిసిన తిథి రాసుకునేవారు. మార్చిన ప్రతి పాఠం చివరా మూలఫాంటు పేరు, వాడిన సాధనం, మార్చిన తేదీ, ఏ గుర్తును దేనిగా మార్చారన్న వివరం అలాగే ఉండాలి.

ఈ చివరి సూచనకు ఖర్చు లేదు, కొత్త సాఫ్ట్‌వేరు అవసరమూ లేదు. విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, ప్రచురణ సంస్థలు తమ పాత డీటీపీ ఫైళ్లను మార్చుతున్న ఈ దశలోనే దీన్ని అమలుచేయాలి. మూలఫైళ్లు తెరుచుకోని రోజు వచ్చిన తరవాత ఆ వివరం రాయగలిగేవారు ఉండరు.